నా పేరు మీద ఆయన సంతకం

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కన గోడకి ఒక నల్లబోర్డు ఉంది. దాని మీద తెల్ల పెయింటుతో మొదటి వరసలో నా పేరు, పేరు పక్కన అధ్యక్షురాలు అని. రెండేళ్ళు కూరగాయల సంచీ పట్టుకుని రోజూ ఆ బోర్డు ముందే లిఫ్టు కోసం నిలబడ్డాను. అది నా గురించి రాసిందని ఒక్కరోజు కూడా అనిపించలేదు. ఊళ్ళో లేని మనిషి పేరేదో చదివినట్టు చదివేదాన్ని.

మాది కూర్మన్నపాలెం. ఇరవై ఫ్లాట్లు. ఉండేవాళ్ళలో చాలామంది స్టీలు ప్లాంటులో చేసేవాళ్ళూ, చేసి రిటైరైనవాళ్ళూ. ఇరవైలో పద్నాలుగు ఫ్లాట్లు ఆడవాళ్ళ పేరు మీదే ఉన్నాయి. ఇదేదో మా మీద గౌరవం అనుకునేరు. ఇంటావిడ పేరు మీద కొంటే కలిసొస్తుందని మావైపు ఒక నమ్మకం. రిజిస్ట్రేషన్ రోజు మా అత్త నాకు కొత్త చీర కట్టించి, ఆఫీసు గుమ్మంలో నా చేత కొబ్బరికాయ కొట్టించింది. అసలు ఇల్లు కొందామా అని మాత్రం ఎవరూ నన్ను అడగలేదు. అడిగినా వద్దనేదాన్ని కాదులెండి.

మా ఆయన నాకు మేనబావ. పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇదంతా చదివాక మీరు ఆయన్ని ఇంకోలా అనుకుంటారు. నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు, గొంతూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం మా ఇంట్లో రాలేదు.

మా అసోసియేషన్‌లో ప్రెసిడెంటుని ఎన్నుకోరు. వంతు వేసుకున్నారు. ఫ్లాటు నంబరు వరస ప్రకారం, రెండేళ్ళకొకరు, ఫ్లాటు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళు. అలా మా వంతు వచ్చినప్పుడు సెక్రటరీ గారు రిజిస్టరు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. ఆయనది గోదావరి జిల్లా, పోర్టులో చేసి రిటైరయ్యారు, మాటకి ముందొక అండీ వెనకొక అండీ. ఆ సమయానికి నేను వంటింట్లో ఆవకాయ కలుపుతున్నాను. మణికట్ల దాకా నూనె, కారం.

"ఇక్కడ మేడమ్ గారు ఒక సంతకం చెయ్యాలండి," అన్నారాయన.

"చేతులు ఖాళీ లేవు, నువ్వే పెట్టేయ్ బావా," అని నేనే అరిచాను లోపల్నుంచి.

"నీ సంతకం ఎలా ఉంటాదే?" అన్నాడు బావ.

"ఏదో ఒకటి పెట్టవయ్యా."

ఆయన ఏదో ఒకటి పెట్టాడు. నా పేరు ఇంగ్లీషులో రాసి, చివరి అక్షరానికి తోక లాగి, తోక కింద రెండు చుక్కలు. సెక్రటరీ గారు అది చూసి, "బాగుందండీ ప్రెసిడెంటు గారూ," అని బావకి షేక్‌హ్యాండిచ్చి వెళ్ళిపోయారు. ఎవరినీ అనడానికి లేదు. ఆ మొదటి సంతకం నేను అడిగి పెట్టించుకున్నదే.

ఆరోజు నుంచి అందరికీ ఆయన ప్రెసిడెంటు గారు. నేను ప్రెసిడెంటు గారి మిసెస్. అంటే లెక్క ప్రకారం నాకు నేనే పెళ్ళాన్ని. మొదట్లో ఈ మాట మా అక్కకి ఫోనులో చెప్పి నవ్వుకున్నాను. తరవాత నవ్వు రావడం మానేసింది. కోపం కూడా రాలేదు. పంటి డాక్టరు ఇంజక్షన్ చేశాక పెదవి ఉందో లేదో తెలీదు చూడండి, అలా ఉండేది.

నెలకో ఆదివారం కింద సెల్లార్‌లో మీటింగు. కార్లు కాస్త పక్కకి తీసి ప్లాస్టిక్ కుర్చీలు వేసేవారు. కుర్చీలు మగవాళ్ళకి. పైనుంచి టీ ఫ్లాస్కులు మేం పంపేవాళ్ళం. వాట్సాప్ గ్రూపులోనూ అన్నీ మగవాళ్ళ నంబర్లే. ఈ రోజు నీళ్ళు రావని నా ఇంటి సంగతి నాకు తెలియాలంటే, డ్యూటీలో ఉన్న బావ ఫోన్ చెయ్యాలి.

కుర్చీలు వేసేదీ, ఫ్లాస్కులు దించేదీ వాచ్‌మన్ భార్య. మెట్ల కింద, మోటారు పక్కన ఉన్న గది వాళ్ళది. ఆవిడకి నలభై ఉంటాయేమో. విజయనగరం అవతల పల్లె, చదువు లేదు. వాచ్‌మన్ ఉద్యోగం మొగుడి పేరు మీద. అతను ఎక్కువగా గేటు దగ్గర కుర్చీలో కూర్చునేవాడు, కుదిరితే కునుకు తీసేవాడు. పొద్దున్నే మోటారు వెయ్యడం, ట్యాంకు నిండితే ఆపడం, మెట్లు కడగడం, వచ్చేవాళ్ళని ఎవరింటికని అడగడం, ప్లాంటు నుంచి వచ్చి వాకిట్లో పడ్డ నల్ల దుమ్ము రోజుకి రెండుసార్లు ఊడవడం అన్నీ ఆవిడే. తొమ్మిదేళ్ళు అలా నడిచింది. ఇరవై ఫ్లాట్లలో ఎవరి గ్యాసు ఎప్పుడు అయిపోతుందో కూడా ఆవిడకి తెలుసు.

నా రెండో ఏడు మధ్యలో అతనికి కామెర్లు వచ్చి పోయాడు. పెద్ద కర్మ అయ్యేదాకా అందరూ అయ్యో అన్నారు. ఆ తరవాతి ఆదివారం మీటింగులో, ఇక సెక్యూరిటీ ఏజెన్సీని పెట్టుకుందాం, యూనిఫాం వేసుకున్న మనిషి ఉంటే బాగుంటుంది, గది ఖాళీ చేయిద్దాం అనుకున్నారు. మర్నాడు ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అమ్మా, మీరు పెసిడెంటంట గదా. బోర్డు మీద మీ పేరే ఉందని ఇస్త్రీ ఆయన సదివి సెప్పినాడు," అంది.

"పేరుంది," అన్నాను.

"ఒక్క మాట సెప్పండమ్మా. మోటారు నానే ఏత్తన్నాను గదా ఇన్నాళ్ళూ. గేటు నానే సూత్తన్నాను. ఆడు పోతే పని పోయినట్టేటి? పని సేసినది నాను గదా. ఈ గది ఒగ్గేసి ఎక్కడికి ఎల్లను?"

ఆవిడ పని మొగుడి పేరు మీద నడిచింది. నా పేరు మీద మా ఆయన పని నడుస్తోంది. ఇద్దరం గడపకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నాం. చెప్తానన్నాను. అదే మొదటిసారి, ఆ బోర్డు మీదున్నది నేనే అన్నట్టు మాట్లాడాను. అన్నాక భయం వేసింది.

ఆ సాయంత్రం బావతో చెప్పాను. ఆయన చెప్పులు విప్పుతూ విన్నాడు. "సూద్దాంలే. నాను సూసుకుంటాను గదా, నీకేటి బెంగ," అన్నాడు. మా ఇంట్లో ఈ మాట అన్నాక ఇంక ఆ విషయం ఎవరూ చూడరు. నాకు తెలుసు. అందుకే తరవాతి నెల మీటింగుకి ఫ్లాస్కు నేనే పట్టుకుని కిందకి దిగాను.

ఫ్లాస్కు లేకుండా దిగాల్సింది. నన్ను చూడగానే ఒకాయన, "రండమ్మా రండి, ఇప్పుడే అనుకుంటున్నాం టీ ఏదీ అని," అన్నాడు. గ్లాసులు అందుకున్నారు. నేను పోశాను. అందరికీ పోశాక అక్కడే నిలబడ్డాను. వెళ్తాననుకుని మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్ళలేదు.

"వాచ్‌మన్ భార్యని ఉంచేయండి. పని ఎప్పుడూ ఆవిడే చేసింది. ఏజెన్సీ వద్దు," అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

బావ గ్లాసులోకి చూస్తున్నాడు. సెక్రటరీ గారే తేరుకున్నారు. "మంచి పాయింటేనండి మేడమ్ గారూ. ప్రెసిడెంటు గారి దృష్టికి తీసుకెళ్తామండి," అని పక్కనే ఉన్న బావ వైపు తిరిగారు. వెటకారం కాదు. ఆయన మామూలుగానే అన్నారు. ఎవరూ నవ్వలేదు కూడా. అక్కడ ఒక్కరికి నవ్వొచ్చినా నాకు కాస్త ఊరటగా ఉండేది. ఖాళీ గ్లాసులు ఏరుకుని పైకొచ్చాను.

పదిరోజుల తరవాత రిజిస్టరు నా చేతికే వచ్చింది. బావ మొదటి షిఫ్టుకి పొద్దున్నే వెళ్ళిపోయాడు. సెక్రటరీ గారు ఎక్కడికో పెళ్ళికి వెళ్తూ, "సారు వచ్చాక సంతకం పెట్టించి ఉంచండి మేడమ్ గారూ, సాయంత్రం పట్టుకెళ్తానండి," అని ఇచ్చి పోయారు. తలుపు వేసి, భోజనాల బల్ల మీద పెట్టి, మొదటిసారి ఆ పుస్తకం తెరిచాను.

పేజీ పేజీకీ నేనున్నాను. లిఫ్టు రిపేరుకి నేను ఒప్పుకున్నాను. మేడ మీదకి ఆడవాళ్ళు వడియాలు ఎండబెట్టడానికి రాకూడదని నేనే నిషేధం పెట్టాను. ఆ నిషేధాన్ని తిట్టుకుంటూ వేసవంతా బాల్కనీలో ఒక చాపెడు చోటులో వడియాలు పెట్టుకున్నది కూడా నేనే. ప్రతిదాని కిందా నా పేరు ఇంగ్లీషులో, తోక, రెండు చుక్కలు. మొదటి పేజీల్లో ఆ తోక కాస్త వణికింది. రానురాను నున్నగా, ధీమాగా తయారైంది. నిజం చెప్పాలంటే నా సంతకంకంటే అదే బాగుంది.

ఆఖరి పేజీలో కొత్త తీర్మానం. గది నెలాఖరుకి ఖాళీ చేయించాలి, ఏజెన్సీతో మాట్లాడాలి. కింద సంతకానికి ఖాళీ. ఆ ఖాళీలో, "నాకు ఇది సమ్మతం కాదు. ఆమెనే వాచ్‌మన్‌గా ఉంచాలి," అని రాసి సంతకం పెట్టాను. నాది తెలుగు సంతకం. ఇంటిపేరు పొడి అక్షరం, పక్కన గుండ్రంగా పూర్తి పేరు. పదో తరగతి పరీక్షలకి మా నాన్న ఎదురుగా కూర్చోబెట్టి వారం రోజులు నేర్పించిన సంతకం. ఆ పూట నాకు సంతోషంగానే ఉంది. చాలాకాలం తరవాత అన్నం రుచి తెలిసింది.

సాయంత్రం సెక్రటరీ గారు పుస్తకం తీసుకెళ్ళి పావుగంటలో మళ్ళీ వచ్చారు. పాపం, ఆయనకే ఇబ్బందిగా ఉంది.

"మేడమ్ గారూ, ఇది ప్రెసిడెంటు సంతకం కాదండి."

"ప్రెసిడెంటుని నేనే కదండీ."

"మీరేనండి. సంతకం మీది కాదంటున్నానండి. వెనక అన్ని పేజీల్లో ఉన్నదానికీ దీనికీ పోలికే లేదు కదండీ. రేపు ఎవరైనా చూస్తే దొంగ సంతకం అంటారండి."

"ఇంటి కాగితాల మీద ఉన్నది ఇదే. తెచ్చి చూపించమంటారా?"

"అది ఇంటికండి. ఇది అసోసియేషన్‌కండి," అన్నారాయన ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు.

అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. ఇద్దరి ముందూ నా చెయ్యి ఉంది, నా పేరు ఉంది, నేను రాసినది ఉంది, అయినా అది దొంగది. ఏదో అనబోయాను. ఈలోగా బావ స్నానం చేసి తుండు భుజాన వేసుకుని వచ్చాడు. పుస్తకం చూశాడు. నా వైపు చూసి, "ఏటే ఇది, నన్ను అడిగితే పోయేది గదా," అన్నాడు మెల్లగా. పెన్ను తీసి నేను రాసినదాన్ని రెండు గీతలతో కొట్టేసి, పక్కన నా సంతకం పెట్టాడు. తోక, రెండు చుక్కలు. ఆ కోపం వచ్చినట్టే పోయింది. వెళ్ళి పప్పులో పోపు వేశాను.

ఆవిడ నెలాఖరు దాకా ఉండలేదు. ముందే గిన్నెలు, స్టవ్వు, బొంత ఆటోలో పెట్టుకుని గోపాలపట్నంలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. వెళ్తూ పైకి వచ్చింది. నేను మొహం చూపించలేకపోయాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. "మీరు సెప్పినారంట గదా అందరి ముందరా. ఇస్త్రీ ఆయన ఇన్నాడంట," అంది. ఆ మాటకి నాకు ఏడుపు రావాలి. రాలేదు.

రెండు వారాలకి ఆవిడ మళ్ళీ వచ్చింది. గోపాలపట్నంలో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్ కావాలిట. ఆడదైనా పరవాలేదన్నారుట, కానీ ఇంతకుముందు చేసినట్టు కాగితం కావాలన్నారుట.

"సంతకం ఉండాలమ్మా, సీలు ఉండాలన్నారు. లేకపోతే ఇంకెవుల్నో ఎట్టుకుంటారంట. రేపు పొద్దున్న ఇవ్వాల," అంది.

సాయంత్రం రమ్మన్నాను. బావని అడగొచ్చు. ఆయన కాదనడు. సూద్దాంలే అంటాడు. ఈలోగా రేపు పొద్దున్న దాటిపోతుంది. నా సంతకం పెట్టి ఇవ్వొచ్చు. దాని సంగతి అప్పటికే తేలిపోయింది. ఆ గోపాలపట్నం వాళ్ళు మా సెక్రటరీకి చూపిస్తే ఆవిడ దొంగ కాగితం తెచ్చిందంటారు. భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. పాత క్యాలెండరు కాగితం వెనక నా పేరు ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాను. తోక కుదరలేదు. మళ్ళీ మళ్ళీ లాగాను. బావ చెయ్యి బరువుగా ఆనించి పెడతాడు, నాది తేలిక. అన్నం వార్చడం ఆలస్యమైంది. నిండా రెండు కాగితాలు అయ్యాక కుదిరింది. చుక్కలు మొదటిసారికే కుదిరాయి.

బావ సొరుగులోంచి లెటర్‌హెడ్డూ, సీలూ తీశాను. తొమ్మిదేళ్ళు మా అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని ఈవిడే చేసింది, నిజాయితీ గల మనిషి అని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. కింద ఆయన సంతకంతో నా పేరు పెట్టి సీలు వేశాను. ఆవిడ సాయంత్రం వచ్చి ఆ కాగితాన్ని జాకెట్లో దాచుకోబోయి, నలుగుతుందని ప్లాస్టిక్ కవరు అడిగి తీసుకుంది.

నాలుగు రోజుల తరవాత లెటర్‌హెడ్డు మీదున్న నంబరుకి ఫోన్ వచ్చింది. అది బావ నంబరు. ఆయన టిఫిను తింటున్నాడు, నేను పెనం దగ్గర ఉన్నాను. అవతలివాళ్ళు కాగితాన్ని ఫొటో తీసి పంపించినట్టున్నారు. బావ కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని, పెద్దది చేసి చూశాడు. అట్టు మాడుతోంది. నేను తిప్పలేదు.

"ఆ, మా సంతకమే అండి. నానే ఎట్టాను," అన్నాడు. "మంచి మనిషి అండి, పెట్టుకోండి."

ఫోను పెట్టేసి, "ఎప్పుడెట్టానో మరి, గుర్తే లేదు," అనుకున్నాడు. ఇంకో అట్టు అడిగాడు. వేశాను. గెలిచానని అనిపించలేదు. ఆయన్ని మోసం చేశానని కూడా అనిపించలేదు. మాడిన అట్టు నేను తిన్నాను.

ఆవిడకి పని దొరికింది, గది కూడా ఇచ్చారు. మొదటి నెల అయ్యాక ఫోన్ చేసింది. "జీతాల పుస్తకంలో నా పేరే రాసినారమ్మా. కింద నా ఏలిముద్రే ఎయ్యమన్నారు. ఆడున్నప్పుడు ఎప్పుడూ ఆడే ఏసీవోడు. ఇప్పుడు నానే ఏసినాను," అంది. అటువైపు మోటారు శబ్దం వస్తోంది. ఆపాలమ్మా, ట్యాంకు నిండిపోతంది అని పెట్టేసింది.

తరవాత మా వంతు అయిపోయింది. బోర్డు మీద నా పేరు చెరిపి పై ఫ్లాటావిడ పేరు రాశారు. ప్రెసిడెంటు గారూ అని వాళ్ళాయన్ని పిలుస్తున్నారు. ఆయన మా సెల్లార్‌లో ఇప్పుడు ముందు వరస కుర్చీలో కూర్చుంటాడు.

మొన్న నా ఖాతా పనేదో ఉండి ఒక్కదాన్నే బ్యాంకుకి వెళ్ళాను. ఆ ఖాతా పెళ్ళికి ముందు మా నాన్న తెరిపించినది. కౌంటరులో ఆడపిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. కాగితం తోసి సంతకం పెట్టమంది. పెట్టాను. ఆ అమ్మాయి కంప్యూటరు వైపు చూసి, కాగితం వైపు చూసి, "ఇది కాదమ్మా, మీ సంతకం పెట్టండి," అంది. అప్పుడు చూసుకున్నాను. తోక, రెండు చుక్కలు. చెయ్యి దానంతటదే పెట్టేసింది.

ఇంకో కాగితం ఇచ్చింది. ఇంటిపేరు పొడి అక్షరం రాశాను. పక్కన పేరు గుండ్రంగా రాద్దామంటే చెయ్యి సాగలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాను. రెండో అక్షరం పైకి లేచిపోయింది. వెనక వరసలో మనుషులు కదులుతున్నారు. ఆ అమ్మాయి చూసి, ఇదీ కలవలేదమ్మా అంది. విసుగు లేదు ఆ పిల్లకి.

"పోనీ వేలిముద్ర వేస్తారా?" అంది.

పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైనదాన్ని. ఆ మాట చెప్పాలనిపించింది, చెప్పలేదు. బొటనవేలు పమిటకి తుడుచుకుని మిషను మీద ఆనించాను. పచ్చ లైటు వెలిగింది.

"ఆ, మీరేనమ్మా," అంది.